గ్యాస్ లైటు వెలుగు – దాని దగ్గర నిలబడిన మనుషులు



'గ్యాస్' అనగానే మనలో చాలామందికి కడుపుబ్బరమో, వంటింటి సిలిండరో గుర్తుకు వస్తుంది. ఆ మాటకు మరో పాత అర్థం ఉంది. రంగారెడ్డి జిల్లాలోని మా కందుకూరు ప్రాంతంలో అరవై ఏళ్లు దాటినవారిని అడిగి చూడండి. గ్యాస్ అంటే పెండ్లి ఊరేగింపులో తెల్లగా మండిన గ్యాస్ లైటు అని చెబుతారు. కిరోసిన్‌ను మా పెద్దలు 'గ్యాస్ నూనె' అనేవారు. నేడు శ్రీశైలం రహదారి పొడవునా విద్యుద్దీపాలు వెలుగుతున్నాయి. ఇంట్లో ఒక్క మీట నొక్కితే చాలు, చీకటి తొలగిపోతుంది. అందుచేత దీపం అనేది ఒకప్పుడు మనిషి ఊపిరితోను, చర్మంతోను, కంటితోను ముడిపడిన వస్తువని ఈ తరానికి తెలియడం లేదు.

ఈ వ్యాసంలో గ్యాస్ దీపాల చరిత్రను ఒక వైద్యుని దృష్టితో చెప్పదలచాను. దీపపు వెలుగు దూరంగా కూర్చున్న అందరికీ అందింది. దాని పొగ, వేడి, విషం మాత్రం దాని దగ్గర నిలబడినవారికి దక్కాయి. చరిత్ర పుస్తకాలలో దీపాన్ని కనిపెట్టినవారి పేర్లు ఉంటాయి, దాన్ని మోసినవారి ఆరోగ్యం గురించి ఒక్క మాట ఉండదు. ఆ లోటును కొంతైనా పూడ్చాలన్నదే నా ఉద్దేశం.

బొగ్గు నుండి వెలుగు

ముందుగా ఒక ముచ్చట. 'గ్యాస్' అనే పదాన్ని సృష్టించినవాడు ఒక వైద్యుడే. 17వ శతాబ్దంలో బ్రస్సెల్స్ ప్రాంతానికి చెందిన వాన్ హెల్మాంట్ అనే వైద్యుడు, గాలి వంటి పదార్థాలకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు 'అస్తవ్యస్తం' అనే అర్థం గల గ్రీకు మాట నుండి ఈ పదాన్ని తయారు చేశాడు.

గ్యాస్‌తో దీపం వెలిగించే పద్ధతి మాత్రం 18వ శతాబ్దం చివరలో రూపు దిద్దుకుంది. 1792లో విలియం మర్డాక్ అనే ఇంజనీరు ఇంగ్లాండులోని రెడ్రూత్ పట్టణంలో తన ఇంటిని బొగ్గు గ్యాస్‌తో వెలిగించాడు. గాలి చొరబడని ఇనుప పాత్రలో రాక్షసి బొగ్గును వేసి కింద మంట పెడితే బొగ్గు మండదు, దాని నుండి వాయువులు బయటికి వస్తాయి. ఆ వాయువులను కడిగి, శుభ్రపరచి, గొట్టాల ద్వారా పంపితే చివర దీపం వెలుగుతుంది. 1807లో లండన్‌లోని పాల్ మాల్ వీధిలో ఇటువంటి దీపాలను ప్రదర్శించారు. 1812లో ఆ నగరంలో గ్యాస్ సరఫరాకు ఒక కంపెనీయే ఏర్పడింది. మన దేశంలో 1857లో కలకత్తా వీధులలోను, 1865లో బొంబాయి వీధులలోను గ్యాస్ దీపాలు వెలిగాయి. సాయంకాలం పూట నిచ్చెన భుజాన వేసుకొని, స్తంభం స్తంభానికి తిరిగి దీపాలు వెలిగించడం, తెల్లవారుజామున ఆర్పివేయడం కొందరికి జీవనోపాధి అయింది.

ఆ బొగ్గు గ్యాస్‌లో ఏమున్నది? సుమారు సగం హైడ్రోజన్, మూడో వంతు మీథేన్, కొంత కార్బన్ మోనాక్సైడ్. ఈ చివరిదే ప్రమాదకారి. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌కు, ప్రాణవాయువుతో కంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అది అంటుకుంటుంది. ఫలితంగా ఊపిరి ఆడుతూ ఉండగానే శరీరంలోని కణాలు ఊపిరాడక చనిపోతాయి. గదిలో గొట్టం కారినా, దీపం ఆరిపోయి గ్యాస్ వస్తూనే ఉన్నా, నిద్రించిన మనిషి లేచేవాడు కాదు.

గ్యాస్ తయారీ కేంద్రాలలో బొగ్గు పాత్రల ముందు పనిచేసినవారి సంగతి మరీ దారుణం. బొగ్గు వేడెక్కినప్పుడు వెలువడే తారు పొగలో క్యాన్సర్ కారకాలు ఉంటాయి. పొగాకుకు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు గల సంబంధాన్ని నిరూపించిన వారిలో ఒకరైన రిచర్డ్ డాల్, గ్యాస్ కార్మికులను కూడా పరిశీలించాడు. 1965లో ఆయన బృందం ప్రచురించిన ఫలితాల ప్రకారం, బొగ్గు పాత్రల వద్ద పనిచేసినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఇతరులకంటె స్పష్టంగా ఎక్కువ. నగరానికి వెలుగు అందించిన పని, చేసినవారి రొమ్ములో మసిగా మిగిలింది.

వైద్యానికి దక్కిన మేలు, కీడు

గ్యాస్ దీపం వైద్యానికి మేలు కూడా చేసింది. దానిని మరువరాదు. బొగ్గు నుండి గ్యాస్ తీయగా మిగిలే నల్లటి తారును మొదట్లో పారవేసేవారు. దాని నుండే కార్బాలిక్ ఆమ్లం లభించింది. 1865లో జోసెఫ్ లిస్టర్ గ్లాస్గో నగరంలో, ఎముక విరిగి చర్మం చీలిన ఒక బాలుని గాయానికి ఆ ఆమ్లంలో ముంచిన గుడ్డతో కట్టు కట్టాడు. గాయం చీము పట్టకుండా మానింది. నేటి శస్త్రచికిత్సా పరిశుభ్రతకు అది నాంది. తారు నుండే కృత్రిమ రంగులు పుట్టాయి. ఆ రంగుల పరిశోధన నుండే 1930లలో సల్ఫా మందులు వచ్చాయి. ఈ విధంగా గ్యాస్ దీపపు మడ్డి ఎన్నో ప్రాణాలను నిలబెట్టింది.

ఇక కీడు. కరెంటు లేని రోజులలో రాత్రి పూట శస్త్రచికిత్స మంట ఉన్న దీపం కిందనే జరగాలి. మత్తు కోసం ఈథర్ వాడితే అది అంటుకొని పేలే ప్రమాదం ఉండేది. క్లోరోఫాం మండదు కనుక దానిని ఎంచుకునేవారు. అయితే క్లోరోఫాం ఆవిరి గ్యాస్ మంటను తాకినప్పుడు విచ్ఛిన్నమై ఫాస్జీన్, హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరులుగా మారుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుగా ప్రయోగించినది ఈ ఫాస్జీనే. గాలి ఆడని గదిలో గంటల తరబడి ఆపరేషన్ సాగితే వైద్యులు, నర్సులు దగ్గుతో, కండ్ల మంటతో, ఊపిరి బిగుసుకుపోయి బాధపడినట్లు 19వ శతాబ్దం చివరి వైద్య పత్రికలు నమోదు చేశాయి.

క్లోరోఫాం మాట వచ్చినప్పుడు మన హైదరాబాదును తలవకుండా ఉండలేము. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సహాయంతో 1888, 1889 సంవత్సరాలలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఇక్కడ రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపాడు. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరైన రూపాబాయి ఫర్దూంజీ ఆ కృషిలో పాలుపంచుకున్నారు. లారీ పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 మూసీ వరదలలో దెబ్బతిన్నది. దాని స్థానంలో వచ్చినదే ఉస్మానియా ఆసుపత్రి. రోగి గుండె మీద, శ్వాస మీద క్లోరోఫాం ప్రభావమేమిటి అన్నది ఆ కమిషన్ల ప్రశ్న. దీపం పక్కన నిలబడి ఆ ఆవిరినే పీల్చేవారి శ్వాస వారి పరిశీలనాంశం కాదు.

మ్యాంటిల్: చిన్న వలలో పెద్ద వెలుగు

తొలి గ్యాస్ దీపాలలో మంటే వెలుగు. అది పచ్చగా, మిణుకుమిణుకుమంటూ ఉండేది. ఈ పరిస్థితిని మార్చినవాడు ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్. నూలు వలను కొన్ని లవణాల ద్రావణంలో ముంచి ఆరబెట్టి మంట మీద ఉంచితే, నూలు కాలిపోయి లవణాల బూడిద మాత్రం వల ఆకారంలోనే నిలుస్తుంది. ఆ బూడిద వేడికి తెల్లగా ప్రకాశిస్తుంది. 1885లో అతడు తయారు చేసిన మొదటి వల పచ్చదనం కలిసిన వెలుగునిచ్చింది. అది త్వరగా చిట్లిపోయేది కూడా. 1891 నాటికి 99 పాళ్లు థోరియం ఆక్సైడు, ఒక పాలు సీరియం ఆక్సైడు కలిపిన వల సిద్ధమైంది. అప్పటి నుండి మంట వేడి కోసం, వల వెలుగు కోసం అన్న ఏర్పాటు స్థిరపడింది. మనం చూసిన గ్యాస్ లైటులోని మ్యాంటిల్ ఇదే.

ప్రపంచమంతా మ్యాంటిళ్లు కావాలంటే థోరియం కావాలి. 1909లో షోంబర్గ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త, తిరువాన్కూరు నుండి ఎగుమతి అయిన కొబ్బరి పీచుకు అంటుకున్న ఇసుకలో మోనజైట్ అనే ఖనిజాన్ని గుర్తించాడు. థోరియం దానిలోనే ఉంటుంది. వెంటనే నేటి కన్యాకుమారి జిల్లాలోని మణవాళకురిచ్చి తీరంలో తవ్వకాలు మొదలయ్యాయి. మన తెలుగు తీరం కూడా దీనిలో తక్కువది కాదు. భీమునిపట్నం నుండి శ్రీకాకుళం వరకు సముద్రపు ఇసుకలో మోనజైట్ ఉంది. దేశంలోని మోనజైట్ నిల్వలలో ఆంధ్రప్రదేశ్‌దే పెద్ద వాటా. స్వాతంత్ర్యం తరువాత 1950లో ఏర్పడిన ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ ఈ ఇసుకను శుద్ధి చేసే బాధ్యత తీసుకున్నది.

గొట్టం లేని గ్యాస్ లైటు

బొగ్గు గ్యాస్‌కు కర్మాగారం, భూమిలో గొట్టాలు అవసరం. అది మహానగరాల సౌకర్యం. పల్లెకు చేరినది మరొక రూపం. 1910 ప్రాంతంలో బెర్లిన్‌లో మాక్స్ గ్రేట్జ్ కంపెనీ కిరోసిన్‌తో నడిచే ఒత్తిడి దీపాన్ని తయారు చేసింది. పెట్రోలియం నుండి 'పెట్రో', అతని పేరు నుండి 'మాక్స్' తీసి 'పెట్రోమాక్స్' అని పేరు పెట్టారు. అడుగున ఉన్న ట్యాంకులో కిరోసిన్ పోసి, పంపుతో గాలి కొట్టి, పైగొట్టాన్ని స్పిరిట్ మంటతో వేడి చేస్తే కిరోసిన్ ఆవిరిగా మారి సన్నని రంధ్రం గుండా చిమ్ముతూ మ్యాంటిల్ లోపల మండుతుంది. దీపం దగ్గర కిరోసిన్ నిజంగానే గ్యాస్‌గా మారుతుంది. కనుక మనవారు దానిని గ్యాస్ లైటు అనడం తప్పేమీ కాదు.

హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం 1920లోనే వచ్చింది. కాని పల్లెలలో చాలాకాలం ఎక్కబుడ్డి, కందిలి, పండుగ పబ్బాలకు గ్యాస్ లైటు, ఇవే దిక్కు. పెండ్లి బరాతు, పీర్ల ఊరేగింపు, చిరుతల రామాయణం, ఒగ్గుకథ, బాగోతం, అన్నీ దాని వెలుగులోనే తెల్లవార్లూ సాగేవి. 'సూయ్' మనే దాని చప్పుడు వినబడితే ఊరికి పండుగ వచ్చినట్లే.

అంతకుముందు దివిటీ పట్టడం పల్లెలలో వృత్తి కులాల మీద, ముఖ్యంగా రజకుల మీద మోపిన పని. గ్యాస్ లైటు వచ్చాక దివిటీ పోయింది. మోసే మనిషి మాత్రం పోలేదు. నిండుగా నూనె పోసిన లైటు మూడు కిలోల వరకు బరువు ఉంటుంది. దానిని నెత్తి మీద చుట్టకుదురుపై పెట్టుకొని గంటల తరబడి నడిచినవారిలో స్త్రీలు, పిల్లలు కూడా ఉండేవారు. వరుడి ముఖం మీద వెలుగు పడాలి, మోసేవారు ఎవరికీ కనబడరాదు. మెడ పూసల మీద బరువు, తలకు దగ్గరగా సెగ, కిందికి కారిన నూనెతో చర్మానికి దద్దుర్లు, నిద్రలేమి. వీటిని రోగాలుగా చెప్పుకొని ఆసుపత్రికి వచ్చినవారు అరుదు. మెడ నొప్పి అని వచ్చినవారిని ఏమి పని చేస్తావని అడిగినప్పుడే ఆ సంగతి బయటపడేది.

నేను ప్రభుత్వ వైద్యుడిగా పల్లెలలో పనిచేసిన తొలి సంవత్సరాలలో కరెంటు ఉన్నదన్న మాటే గాని, కాన్పు సమయానికి ఉంటుందన్న నమ్మకం లేదు. ఆయమ్మ గ్యాస్ లైటు ఎత్తి పట్టుకొని నిలబడేది. ఆ వెలుగులో కుట్లు వేశాను. బిడ్డ ఏడుపు వినబడిన తరువాతనే ఆమె చేయి మార్చుకునేది. రిజిస్టరులో వైద్యుని పేరు, తల్లి పేరు, బిడ్డ బరువు రాసేవారము. దీపం పట్టిన మనిషి పేరు రాయడానికి అందులో గడి లేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఇంట్లో వాడిన ఎక్కబుడ్డితో పోలిస్తే గ్యాస్ లైటు పొగ చాలా తక్కువ. వత్తి బుడ్డిలో మండిన కిరోసిన్‌లో 7 నుండి 9 శాతం వరకు నల్లని మసిగా మారుతుందని 2012లో ప్రచురించిన పరిశోధన ఒకటి తేల్చింది. బుడ్డి పక్కన తల వంచి చదువుకున్న ఆనాటి పిల్లల ముక్కులో తెల్లవారి కనిపించే నలుపు ఆ మసే. గ్యాస్ లైటు ప్రమాదం మరొక రకం. వెలుగుతున్న లైటులో నూనె పోయడం, కిరోసిన్‌లో పెట్రోలు కలవడం, మూసుకుపోయిన రంధ్రంతోనే పంపు కొడుతూ పోవడం, వీటివల్ల మంట ఎగసి ముఖం, చేతులు కాలేవి. ఇంట్లో సీసాలో ఉంచిన కిరోసిన్‌ను నీళ్లనుకొని తాగిన పసిపిల్లలు మరొక విషాదం.

మ్యాంటిల్‌లో ఉన్నది ఏమిటి?

థోరియం రేడియోధార్మిక పదార్థం. ఈ సంగతి 1898లోనే తెలిసింది. అయినా మ్యాంటిళ్ల తయారీ ఆగలేదు. పాఠకులు భయపడనక్కరలేదు. మ్యాంటిల్ వెలుతురులో కూర్చున్నవారికి దానివల్ల జరిగే హాని లెక్కలోకి రానంత తక్కువ. థోరియం నుండి వెలువడే ఆల్ఫా కణాలను మన చర్మపు పైపొరే ఆపేస్తుంది. అది శరీరం లోపలికి చేరితేనే చిక్కు. కొత్త మ్యాంటిల్‌ను మొదటిసారి కాల్చినప్పుడు వెలువడే పొగను పీల్చడం, చిట్లిన మ్యాంటిల్ బూడిదను నోటితో ఊది శుభ్రం చేయడం, ఆ చేతులతోనే అన్నం తినడం, ఇవి మానవలసిన పనులు. కొన్ని మ్యాంటిళ్లలో ఊపిరితిత్తులకు హాని చేసే బెరీలియం కూడా కొద్దిగా ఉండేది.

లోపలికి చేరితే ఏమవుతుందో వైద్యులకు చేదు అనుభవం ఉంది. ఎక్స్‌రేలో రక్తనాళాలు స్పష్టంగా కనబడాలని 1930, 40 దశకాలలో 'థోరోట్రాస్ట్' అనే మందును పలు దేశాలలో రోగుల రక్తంలోకి ఎక్కించారు. అది మ్యాంటిల్‌లోని థోరియం ఆక్సైడే. శరీరం దానిని విసర్జించలేదు. కాలేయంలో, ప్లీహంలో అది జీవితాంతం నిలిచిపోయింది. ఇరవై, ముప్పై ఏళ్ల తరువాత వారిలో అనేకులకు కాలేయ క్యాన్సర్లు వచ్చాయి. ఇక మ్యాంటిళ్లు తయారైన చోట? అమెరికాలోని న్యూజెర్సీలో వెల్స్‌బాఖ్ పేరుతో నడిచిన కర్మాగారం 1940 ప్రాంతంలో మూతపడింది. చుట్టుపక్కల ఇండ్ల నేలలో మిగిలిన థోరియం కారణంగా 1996లో ఆ దేశ ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని అత్యంత కలుషిత స్థలాల జాబితాలో చేర్చింది. దీపం ఆరిన అర్ధ శతాబ్దం తరువాత కూడా మట్టిలో దాని జాడ మిగిలింది. నేడు అనేక దేశాలలో థోరియం బదులు యిట్రియం వాడుతున్నారు.

నేటి మనకు ఇందులో పాఠమేమిటి?

గ్యాస్ దీపాలు పోయాయి, దానితో పాటే ఈ చరిత్ర ముగిసింది అనుకోవద్దు. వేషం మార్చి అవి మన ఇండ్లలోనే ఉన్నాయి.

మొదటిది కార్బన్ మోనాక్సైడ్. వంటగ్యాస్‌లో అది ఉండదు, కాని గాలి చాలని చోట వంటగ్యాస్ మండితే అది పుడుతుంది. కిటికీ మూసిన స్నానాల గదిలో గ్యాస్ గీజరు, చలికాలం గదిలో బొగ్గుల కుంపటి, మూసిన షట్టరు లోపల జనరేటరు, ఈ మూడూ ప్రాణాంతకాలు. వంటగ్యాస్ కారితే తెలియాలని దానికి వాసన కలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. తలనొప్పి, వికారం, కండ్లు తిరగడం, మగత, ఇవే దాని హెచ్చరికలు. ఇంట్లో ఒకరికంటె ఎక్కువమందికి ఒకేసారి తలనొప్పి వస్తే అనుమానించండి. గీజరును స్నానాల గది బయట అమర్చి, దాని పొగగొట్టం ఆరుబయటికి పోయేటట్లు చూడండి. మంట నీలంగా కాక పచ్చగా ఉంటే మరమ్మతు చేయించండి. ఎవరైనా స్పృహ తప్పితే తలుపులు తెరచి, బయటి గాలిలోకి చేర్చి 108కి ఫోను చేయండి.

రెండవది కార్బైడ్. సైకిళ్లకు, గనులలో పనిచేసేవారికి వెలుగునిచ్చిన కార్బైడ్ దీపంలో కాల్షియం కార్బైడ్ మీద నీటి బొట్లు పడితే ఎసిటిలీన్ వాయువు పుట్టి మండేది. ఆ కార్బైడే తరువాత మామిడికాయల బుట్టలలోకి చేరింది. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు ఉండే అవకాశం ఉంది. దానితో పండ్లు మాగబెట్టడాన్ని మన ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. ఎథిలీన్ వాయువుకు మాత్రం పరిమితితో అనుమతి ఉంది. ఇక్కడ కూడా ఎక్కువ నష్టపోయేది ఆ పొడిని వట్టి చేతులతో పొట్లాలు కట్టే కూలీలే.

మూడవది కాలిన గాయాలు, కిరోసిన్ తాగడం. కాలిన చోట ఇరవై నిమిషాలు పారుతున్న చల్లని నీరు పోయండి. పసుపు, సిరా, టూత్ పేస్టు, ఐస్ ముక్కలు వద్దు. పిల్లలు కిరోసిన్ తాగితే వాంతి చేయించకండి. వాంతిలో అది ఊపిరితిత్తులలోకి పోయి నిమోనియా తెస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

నాల్గవది, అటక మీద ఉన్న పాత గ్యాస్ లైటు. తాతల గుర్తుగా దానిని తుడిచి హాలులో పెట్టుకోవడం మంచిదే. లోపల పాత మ్యాంటిల్ ఉంటే ఊదవద్దు. ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు వేసుకొని తడిగుడ్డతో తీసి, ఆ గుడ్డతో సహా సంచిలో కట్టి పారవేయండి. పిల్లల చేతికి మ్యాంటిల్ ఇవ్వకండి.

చివరగా ఒక విన్నపం. నేటికీ మన పెండ్లి ఊరేగింపులలో జనరేటరు బండికి తీగలతో కలిపిన దీపపు స్తంభాలను నెత్తి మీద పెట్టుకొని నడిచేవారు ఉన్నారు. వారి మెడ మీద బరువు పోలేదు, ముందు నడిచే బండి పొగ పోలేదు. ఇప్పుడు విద్యుదాఘాతపు భయం అదనం. ఈ ముహూర్తాల కాలంలో మీ ఇంట పెండ్లి ఉంటే, దీపాలకు చక్రాల బండి ఏర్పాటు చేయమని అడగండి. అది వీలు కాకపోతే గంటకొకసారి మనుషులను మార్చమనండి, చిన్నపిల్లలను ఆ పనికి పిలవవద్దని చెప్పండి, విందు కంటె ముందు వారికి మంచినీళ్లు, అన్నం పెట్టించండి. మీ ఊరిలో గ్యాస్ లైట్లు మోసిన పెద్దలెవరైనా ఉంటే వారి దగ్గర కూర్చొని ఆ రోజుల సంగతులు అడిగి రాసిపెట్టండి. దగ్గు, మెడ నొప్పి, కండ్ల మసకతో బాధపడుతుంటే దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వారిని వెంటబెట్టుకొని తీసుకువెళ్లండి.